మన ఎండలకు సర్రసీనియా: ఏది తీసుకోవాలి, ఏది వదిలేయాలి

మన నర్సరీల్లోనూ ఆన్‌లైన్‌లోనూ ‘పిచర్ ప్లాంట్’ పేరుతో, పురుగులను పట్టి తినే రెండు వేర్వేరు మొక్కలు అమ్ముతారు: నెపంథిస్, సర్రసీనియా. మీరు కొంటున్నది ఏదో ముందు తేల్చుకోండి. అది తేలకపోతే కింద చెప్పేదేదీ పనికిరాదు. ఇంటర్ బోటనీ పుస్తకంలో బొమ్మ ఉండే కూజా మొక్క నెపంథిస్. దాని ఆకు కొసన సన్నటి తీగ సాగుతుంది, ఆ తీగ చివర కూజా వేలాడుతుంది. సర్రసీనియాకు తీగ ఉండదు. ఆకే గొట్టంగా చుట్టుకుని, నేలలోంచి సన్నాయిలా నిటారుగా లేస్తుంది, పైన చిన్న మూత ఉంటుంది. మట్టిలో పసుపు కొమ్ములాంటి దుంప అడ్డంగా పాకుతుంది.

నెపంథిస్ ఉష్ణమండలపు మొక్క, దానికి ఏడాదంతా ఒకటే కాలం. సర్రసీనియాకు మాత్రం చలికాలం కావాలి. చలి అంటే మామూలు చల్లదనం సరిపోదు, రెండున్నర, మూడు నెలలు గట్టిగా నిద్రపోయేంత చలి ఉండాలి. మన ప్రాంతాల్లో ఈ మొక్క పెంచాలా వద్దా, పెంచితే ఏ రకం, ఎలా అనే ప్రశ్నలన్నీ చివరికి ఈ చలి దగ్గరికే వస్తాయి.

చంపేది వేసవా, చలికాలమా?

‘అది చల్లటి దేశపు మొక్క, మన ఎండకు తట్టుకోదు’ అని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. సర్రసీనియా జాతుల్లో ఎక్కువ భాగం ఫ్లోరిడా, అలబామా, మిసిసిపి, జార్జియా రాష్ట్రాల్లో, పైన్ అడవుల మధ్య ఇసుక చిత్తడి నేలల్లో పుట్టినవి. గల్ఫ్ తీరంలో జూలై పగలు 32, 33 డిగ్రీలు ఉంటుంది, రాత్రి 23, 24 ఉంటుంది, ఒళ్ళంతా జిడ్డుకట్టే ఉక్క. విశాఖ, కాకినాడ వాళ్ళకు ఇది కొత్త వాతావరణం కాదు. తేడా కనిపించేది జనవరిలో. అలబామా తీరంలో ఆ నెల రాత్రులు సగటున 5 డిగ్రీల చుట్టూ ఉంటాయి, అప్పుడప్పుడు మంచు గడ్డకడుతుంది. పగటి పొద్దు 10 గంటలే. పొద్దు కుదించుకుపోవడం, చలి పెరగడం చూసుకుని మొక్క ఎదుగుదల ఆపేసి దుంపలో శక్తి దాచుకుంటుంది.

హైదరాబాద్‌లో డిసెంబరు రాత్రులు సగటున 14, 15 డిగ్రీలు, పగలు 28. ఏడాదిలో అతి చిన్న రోజు కూడా 11 గంటలుంటుంది. విజయవాడలో డిసెంబరు రాత్రి సగటు 19కి అటూ ఇటూ. మొక్క అక్కడ నిద్రపోదు, కొంచెం నెమ్మదిస్తుందంతే. మొదటి ఏడాది ఏ తేడా కనిపించదు. ‘మా మేడ మీద బాగానే ఉంది, ఫ్రిజ్‌లూ గిజ్‌లూ ఏం అక్కర్లేదు’ అనే మాటలు ఆ ఏడాదే వినిపిస్తాయి. రెండో ఏడాది గొట్టాలు పొట్టిగా, సన్నగా వస్తాయి, పువ్వు రాదు. మూడో ఏటికి దుంప అరిగిపోయి ఉంటుంది. జూలైలో ఓ వారం ముసురు పట్టగానే కుళ్ళిపోతుంది. అప్పుడు తప్పు వానదనుకుంటారు.

తెలంగాణ, రాయలసీమ ఎండాకాలం మాత్రం నిజంగానే వేరే సమస్య. 42 నుంచి 45 డిగ్రీల వేడిలో, మధ్యాహ్నం గాలిలో తేమ 20, 25 శాతానికి పడిపోయే రోజుల్లో నల్ల ప్లాస్టిక్ కుండీలో వేర్లు ఉడికిపోతాయి. అయితే దీనికి ఉపాయాలున్నాయి, కింద చెబుతాం. చలి లేని లోటును మాత్రం, శీతాకాలంలో దుంపను ఫ్రిజ్‌లో పెట్టి నిద్రపుచ్చితేనే చాలావరకు తీర్చగలం.

మీ ఊరు ఏది?

నెల్లూరు నుంచి శ్రీకాకుళం దాకా కోస్తాలో ఉంటే, ఇది మీ మొదటి కీటకాహారి మొక్క అయితే, సర్రసీనియా జోలికి పోవద్దు. నెపంథిస్ తీసుకోండి. వెంట్రికోసా, అలాటా సంకరమైన ‘వెంట్రాటా’ చాలా మొండిది. మిరాబిలిస్, ఆంపుల్లారియా, రాఫ్లేసియానా మీ ఉక్కలో ఏడాది పొడవునా కూజాలు తొడుగుతాయి. ఇక్కడ సర్రసీనియాకు ఏటా ఫ్రిజ్ తప్పనిసరి. అంత ఓపిక ఉంటేనే దిగండి. ఓపిక ఉంటే మాత్రం కోస్తా వేసవి దానికి హైదరాబాద్ వేసవి కంటే సుఖంగానే ఉంటుంది.

హైదరాబాద్, వరంగల్, కర్నూలు, అనంతపురం లాంటి చోట్ల రెండు మొక్కలకూ చెరో కష్టం. మే నెల పొడిగాలికి నెపంథిస్ కూజాలు తొడగడం ఆపేసి, లేత కూజాలను మొగ్గలోనే ఎండబెట్టేస్తుంది. సర్రసీనియాకు వేసవిలో నీడ, శీతాకాలంలో ఫ్రిజ్ కావాలి. రెండింట్లో ఒకటి చెప్పమంటే ఇక్కడ సర్రసీనియాకే మా మొగ్గు. మేడ మీద ఎండకు కొదవ లేదు, ఎండ లేని సర్రసీనియా ఎందుకూ పనికిరాదు.

ఆదిలాబాద్, ఆసిఫాబాద్ జిల్లాల్లో కొన్ని రాత్రులు 5 నుంచి 8 డిగ్రీలకు పడతాయి. లంబసింగి, చింతపల్లి, అరకు వైపు కూడా డిసెంబరు, జనవరిల్లో 10 లోపు మామూలే. ఇక్కడ ఫ్రిజ్ లేకుండా ఆరుబయటే నిద్రపుచ్చవచ్చు. కాకపోతే ఆదిలాబాద్‌కు చలి ఎంత గట్టిగా ఉంటుందో వేసవీ అంతే గట్టిగా ఉంటుంది. ఏజెన్సీ కొండల్లో ఆ బాధ తక్కువ. ఉన్నంతలో తెలుగు నేలలో ఈ మొక్కకు అన్నిటికంటే అనువైన చోటు అదే. బెంగళూరులో ఉన్నవాళ్ళకు వేసవి సులువు, చలికాలం మాత్రం హైదరాబాద్ లాంటిదే.

అమెరికాలో హ్యూస్టన్, డాలస్, అట్లాంటా వైపు ఉన్న తెలుగువాళ్ళకు ఈ గొడవే లేదు. సర్రసీనియా అలాటా జాతి తూర్పు టెక్సాస్‌లో సహజంగానే పెరుగుతుంది. పెరట్లో టబ్బు పెట్టి వదిలేయవచ్చు, కొళాయి నీటిలో ఉప్పు ఎంతో మాత్రం చూసుకోవాలి.

రకాల్లో తేడాలు

మన వేడికి మొదటి ఓటు సర్రసీనియా మైనర్‌కు. ఇది ఫ్లోరిడా మధ్యభాగం దాటి ఒకీచోబీ సరస్సు దాకా, మిగతా జాతులన్నిటి కంటే దక్షిణానికి వెళ్ళిన మొక్క. అంటే తక్కువ చలితో సర్దుకుపోవడం దానికి పుట్టుకతో వచ్చింది. ఎత్తు 25 నుంచి 35 సెంటీమీటర్లు. మూత పాము పడగలా గొట్టం నోటి మీదికి వంగి ఉంటుంది కాబట్టి వానకు నిండిపోదు, పొడిగాలికి లోపలి తేమ ఆరిపోదు. పడగ వెనకవైపు తెల్లటి, కాంతి చొరబడే మచ్చలుంటాయి. లోపలికి దూరిన పురుగు ఆ వెలుతురునే బయటి దారనుకుని ఎగిరి కొట్టుకుని లోపలికి జారిపోతుంది. మన మేడల మీద చీమలకు కరువు లేదు, ఇది ప్రధానంగా చీమలనే తింటుంది. మిగతా వాటికంటే కొంచెం పొడిని కూడా ఓర్చుకుంటుంది. ఇందులోనే ఒకిఫనోకీ చిత్తడి నుంచి వచ్చిన పెద్ద రకం ఒకటుంది. అది మీటరు దాకా ఎదుగుతుంది కానీ నీళ్ళు ఎక్కువ కావాలి.

రెండో ఎంపిక సిట్టసినా. చిలుక ముక్కులాంటి గొట్టాలు నేల మీద చక్రంలా పరుచుకుంటాయి. గల్ఫ్ తీరంలో ఇది పెరిగే చోట్లు ఏటా వరదకు మునుగుతాయి. నీళ్ళలో మునిగినా బతుకుతుంది, మునిగినప్పుడు నీటి పురుగులనూ పట్టుకుంటుంది. జూలై, ఆగస్టుల్లో వారాల తరబడి కుండీల్లో నీళ్ళు నిలిచిపోయే ఇళ్ళకు ఇంతకంటే నమ్మకమైన రకం లేదు. నేలకు అంటుకుని ఉంటుంది కాబట్టి మేడ మీద గాలికి విరగదు. దీని బలహీనత ఎండిపోవడం. కుండీ కింద పెట్టే నీళ్ళ తొట్టి ఒక్కరోజు ఎండినా చక్రం మధ్య మొగ్గ మాడిపోతుంది.

అందం చూసి కొనేవాళ్ళంతా కొనేది లూకోఫిల్లా. 90 సెంటీమీటర్ల దాకా ఎత్తు, పై భాగం తెల్లగా, దాని మీద ఎర్రటి ఈనెలు. అసలైన అందాన్ని ఇది వసంతంలో చూపదు, శరదృతువులో వచ్చే రెండో విడత గొట్టాల్లో చూపిస్తుంది. మన దగ్గర ఇది చక్కగా కలిసొస్తుంది. వానలు తగ్గి ఎండ తేటపడే సెప్టెంబరు, అక్టోబరుల్లో తెలంగాణ వాతావరణం దీనికోసమే ఉన్నట్టు ఉంటుంది. మే నెలలో మాత్రం ఆ తెల్లటి మూతలు అంచుల నుంచి కాగితంలా మాడిపోతాయి. దాన్ని చూసి గాబరాపడకండి, దుంప గట్టిగా ఉంటే వానాకాలంలో తిరిగి వస్తుంది. లూకోఫిల్లా, సిట్టసినా కలిపిన ‘స్కార్లెట్ బెల్’ సంకరం ఈ రెండు గుణాలనూ పంచుకుంది. పొట్టిగా, దట్టంగా పెరిగి వేడిని మెరుగ్గా ఓర్చుకుంటుంది. మొదటిసారి పెంచేవాళ్ళు దొరికితే ఇదే తీసుకోండి. సంకరాలు సాధారణంగా శుద్ధ జాతుల కంటే మొండిగా ఉంటాయి.

అలాటా కూడా వేడికి మంచిదే, రంగు మాత్రం సాదా. ఫ్లావా వసంతంలోనే గొట్టాలన్నీ వేసేసి వేసవికి కత్తిలాంటి చదును ఆకులకు మారిపోతుంది. మన మే నెలకు ఇది పనికొచ్చే అలవాటే కానీ, దానికి గట్టి చలి కావాలి, ఫ్రిజ్ ఒక్క ఏడాది తప్పినా క్షమించదు. పర్పురియా కొంటే విత్తనం ఎక్కడిదో అడగండి. కెనడా దాకా పెరిగే ఉత్తరపు రకం మన దగ్గర వేసవి దాటదు. గల్ఫ్ తీరపు రకం, కొందరు రోసియా అని పిలిచేది, దాటుతుంది. దాని గిన్నెలు పైకి తెరుచుకుని వాననీళ్ళు పట్టుకుంటాయి కాబట్టి ఎండాకాలంలో మనమే మంచినీళ్ళు పోసి నింపాలి. ఒరియోఫిలా అంతరించిపోతున్న కొండ జాతి, అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం మొదటి అనుబంధంలో ఉంది. మనకు వద్దు.

డార్లింగ్టోనియా, అంటే కాలిఫోర్నియా నాగపడగ మొక్క, పూర్తిగా వదిలేయండి. దాని వేర్ల మీదుగా కొండవాగుల చల్లటి నీరు ఎప్పుడూ పారుతుండాలి. మన కొళాయి నీరు ఏప్రిల్‌లో ఎంత వేడిగా వస్తుందో మీకు తెలుసు. ఆస్ట్రేలియా నైరుతి మూల ఆల్బనీ ప్రాంతపు సెఫలోటస్ కూడా అంతే. పగటి వేడిని ఓర్చుకున్నా ఉక్కపోత రాత్రులకు దాని వేర్లు కుళ్ళిపోతాయి, నిన్నటిదాకా పచ్చగా ఉన్న మొక్క రెండు రోజుల్లో వాలిపోతుంది. ఏసీ గది, గ్రో లైట్లు పెట్టగలిగినవాళ్ళకే అది.

చలికాలం: మూడు దారులు

మొదటిది, బయటే ఉంచి చలిని వీలైనంత పట్టించడం. రాత్రులు 10 డిగ్రీల లోపుకు దిగే ఊళ్ళలోనే ఇది నమ్మకం. కుండీలను గోడకు దూరంగా, ఆరుబయట నేల మీద పెట్టాలి. సిమెంటు గోడ పగలు పీల్చిన వేడిని రాత్రంతా వదులుతుంది. తొట్టిలో నీరు సెంటీమీటరుకు మించి ఉంచకూడదు. హైదరాబాద్‌లో ఈ పద్ధతితో మైనర్, సిట్టసినా కొన్నేళ్ళు నెట్టుకొస్తాయి, లూకోఫిల్లా క్రమంగా చిన్నదైపోతుంది.

రెండోది, కొండ ప్రాంతంలో తెలిసినవాళ్ళు ఉంటే కుండీలు అక్కడికి పంపడం. మంచిదే కానీ పుష్యమాసపు చలిలో ఎవరో నీళ్ళు పోస్తారన్న నమ్మకం ఉండాలి, ఆ నీళ్ళూ సరైనవి కావాలి.

మూడోది ఫ్రిజ్. కోస్తాలోనూ మైదానాల్లోనూ ఉన్నవాళ్ళకు మేం చెప్పేది ఇదే. ఎప్పుడు పెట్టాలనేది చాలా ముఖ్యం. పాశ్చాత్య దేశాల లెక్కలు చూసి డిసెంబరు చివర పెట్టి మార్చిలో తీస్తే, మొక్క కళ్ళు తెరిచేసరికి ఎండలు 38 దాటి ఉంటాయి, లేత గొట్టాలు పుట్టగానే మాడతాయి. కార్తీక పౌర్ణమి దాటాక పెట్టి రథసప్తమికి తీయండి. మధ్యలో సుమారు 80 రోజులు వస్తాయి, నిద్రకు అది చాలు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది కదా, ఆ లేత ఎండల్లోనే మొక్క తొలి విడత గొట్టాలు వేసుకుని గట్టిపడుతుంది. లూకోఫిల్లా గొట్టాలు కార్తీకంలో ఇంకా నిండుగా ఉంటే మరో 10 రోజులు ఆగి పెట్టినా నష్టం లేదు.

పెట్టే ముందు రెండు వారాలు నీరు తగ్గించి, మధ్యాహ్నపు ఎండ తగలనిచోట ఉంచండి. తర్వాత మొక్కను కుండీలోంచి తీసి, మంచినీటిలో వేర్లు కడగండి. ఎండిన గొట్టాలన్నీ మొదలుకంటా తీసేయండి, పచ్చగా ఉన్నవి 5, 6 సెంటీమీటర్లు వదిలి కత్తిరించండి. పొడుగ్గా వదిలితే లోపల చచ్చిన పురుగుల మురుగు ఫ్రిజ్‌లో బూజుకు మేత అవుతుంది. దుంపను వేలితో నొక్కి చూడండి, పచ్చి అల్లంలా గట్టిగా ఉండాలి. మెత్తబడిన భాగం ఉంటే తెల్లటి కండ కనిపించేదాకా శుభ్రమైన బ్లేడుతో కోసేయండి.

పొడుగు పీచు స్ఫాగ్నమ్ నాచును నీటిలో నానబెట్టి గట్టిగా పిండండి. పిడికిట్లో నొక్కితే చుక్క రాలకూడదు, చేతికి మాత్రం తడి తగలాలి. దాన్ని దుంపకు, వేర్లకు చుట్టి జిప్ సంచిలో పెట్టి, పేరు, తేదీ రాసి మూత ఉన్న డబ్బాలో పెట్టండి. కూరగాయల అరలో 4 నుంచి 8 డిగ్రీలు ఉంటుంది, అదే సరైన చోటు. ఫ్రీజర్ కింది అర వద్దు, గడ్డకడితే దుంప ముద్దవుతుంది. సంచి లేకుండా పెడితే ఇప్పటి ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌ల పొడిగాలి నెలలో ఎండబెట్టేస్తుంది. తినే వస్తువులుండే ఫ్రిజ్ కాబట్టి శిలీంధ్రనాశిని మందు వాడకుండా, శుభ్రతతోనే నెట్టుకురావడం మేలు. బూజుకు భయపడి కార్బెండజిమ్, మాంకోజెబ్ కలిపిన పొడి వాడితే లీటరుకు 1 గ్రాము చాలు. ఆ డబ్బాను వేరే సంచిలో బిగించి, పిల్లలకు అర్థమయ్యేలా రాసి పెట్టండి. రాగి మందులు ఈ మొక్కలకు పడవు, బోర్డో మిశ్రమం, కాపర్ ఆక్సీక్లోరైడ్ దగ్గరికి రానివ్వద్దు.

15 రోజులకోసారి తెరిచి చూడండి. బూడిదరంగు బూజు కనిపిస్తే ఆ ఆకు మొదలు కోసేసి, నాచు మార్చండి. నాచు తడి ఎక్కువైతేనే బూజు వస్తుంది. తీసిన తర్వాత కుండీలో నాటి నాలుగైదు రోజులు నీడలో, ఆ తర్వాత వారం ఉదయపు ఎండలో ఉంచి, ఆపైన పూర్తి ఎండకు మార్చండి. ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా మేడ మీద పెడితే ఒక్కరోజులో కాలిపోతుంది.

నీళ్ళు

చలి లేని లోటు తర్వాత మొక్కను ఎక్కువగా పొట్టనబెట్టుకునేది నీళ్ళే. సర్రసీనియా వేర్లు ఉప్పును భరించలేవు. నీటిలో కరిగిన లవణాలు, అంటే టీడీఎస్, లీటరుకు 50 మిల్లీగ్రాముల లోపుంటే మంచిది, తాత్కాలికంగా 100 దాకా సర్దుకోవచ్చు. మన బోరు నీళ్ళు 400 నుంచి 1000 పైన ఉంటాయి. కొన్ని వందల రూపాయలకు దొరికే, టీడీఎస్ కొలిచే పెన్ను కొనకుండా మొక్క కొనకండి.

లెక్క చూడండి. 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు ఉన్న తొట్టిలో కుండీలు పెట్టారనుకుందాం. మే నెలలో హైదరాబాద్ ఎండకు రోజుకు 10 మిల్లీమీటర్ల మందాన నీరు ఆవిరవుతుంది, అంటే 2.4 లీటర్లు. ఏప్రిల్, మే కలిపి 60 రోజులకు 144 లీటర్లు. ఆవిరయ్యేది నీరే, ఉప్పు అక్కడే మిగులుతుంది. 600 టీడీఎస్ బోరు నీరు పోస్తే ఆ రెండు నెలల్లో 86 గ్రాముల లవణాలు తొట్టిలో, కుండీలో చేరతాయి. అంటే కుండీల్లో గుప్పెడు ఉప్పు చల్లినట్టే. 30 టీడీఎస్ నీరు పోస్తే 4 గ్రాములే.

వాననీరు అన్నిటికంటే మంచిది. 10 చదరపు మీటర్ల డాబా మీద 20 మిల్లీమీటర్ల వాన పడితే 200 లీటర్లు, ఒక నీలం డ్రమ్ము నిండుతుంది. తొలివాన దుమ్ము కడిగేది, వదిలేయండి. డ్రమ్ముకు వెలుతురు తగలని మూత, దోమల గుడ్డ ఉండాలి. ఇంటి ఆర్‌ఓ నీరు బాగానే ఉంటుంది, కానీ రుచికోసం ఖనిజాలు కలిపే, టీడీఎస్ పెంచే పరికరం అందులో ఉందేమో పెన్నుతో చూడండి. 20 లీటర్ల వాటర్ క్యాన్‌ల సంగతి ప్లాంటును బట్టి మారుతుంది, ప్రతి క్యానూ కొలవాల్సిందే. ఏసీ నుంచి కారే నీటిలో లవణాలు తక్కువ, వాడవచ్చు. సర్వీసు చేయించి కాయిల్ రసాయనంతో కడిగిన వారం మాత్రం పట్టకండి.

అపార్ట్‌మెంట్లలో సాఫ్ట్‌నర్ ప్లాంటు ఉంటే చాలామంది ఆ నీరు మంచిదనుకుంటారు. అది కాల్షియం తీసి దాని స్థానంలో సోడియం పెడుతుంది, అంతే. టీడీఎస్ తగ్గదు, మొక్కకు ఇంకా హాని. నీరు కాచి చల్లార్చినా టీడీఎస్ విషయంలో ప్రయోజనం లేదు, ఆవిరయ్యేకొద్దీ లవణాలు చిక్కబడతాయి.

తొట్టిలో 2 నుంచి 3 సెంటీమీటర్ల నీరు ఉంటే చాలు. వానాకాలం మొదట్లో కుండీ పైనుంచి రెండు మూడు లీటర్ల వాననీరు ధారగా పోసి కింద కారనిస్తే ఏడాది ఉప్పు కడిగేసినట్టవుతుంది. దోమల సంగతి మరువకండి. గుడ్డు నుంచి దోమ రావడానికి వారం, పది రోజులు పడుతుంది, కాబట్టి అయిదు రోజులకోసారి తొట్టి పూర్తిగా వంపేసి, రుద్ది కడిగి మళ్ళీ నింపండి. దోమ గుడ్లు తొట్టి గోడలకే అంటుకుని ఉంటాయి, రుద్దకపోతే పోవు.

మిశ్రమం, కుండీ

పీట్ మాస్ (చిత్తడి నేలల్లో కుళ్ళిన నాచు), పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) సమానంగా కలపండి. పెర్లైట్ బదులు కడిగిన సిలికా ఇసుక వాడవచ్చు. నది ఇసుక వాడేముందు ఓ గుప్పెడు తీసి వెనిగర్ పోయండి, బుడగలు వస్తే సున్నం ఉన్నట్టు, పనికిరాదు. సముద్రపు ఇసుక అసలు వద్దు. ఎర్రమట్టి, పశువుల ఎరువు, వర్మీ కంపోస్టు, వేపపిండి, డీఏపీ, ఏదీ వేయకూడదు. ఈ మొక్క పురుగులు తినడం నేర్చుకున్నదే సారం లేని నేలలో బతకడానికి.

కోనసీమలో, పొల్లాచ్చిలో తయారయ్యే కోకోపీట్ చవకే, కానీ అందులో సోడియం, పొటాషియం దండిగా ఉంటాయి. వాడి తీరాలంటే పదింతల మంచినీటిలో రాత్రంతా నానబెట్టి పిండి, ఆ పిండిన నీటిని కొలవండి. పోసిన నీటికంటే 30కి మించి పెరగకూడదు. ఆరేడుసార్లు కడిగితే గానీ ఆ స్థాయికి రాదు. అన్ని లీటర్ల ఆర్‌ఓ నీటి ఖర్చు లెక్కేస్తే పీట్ మాస్ కొనడమే చవక. మన వేడికి పీట్ త్వరగా కుళ్ళి బురదవుతుంది, అందుకే రెండేళ్ళకోసారి మార్చాలి. ఫ్రిజ్ పద్ధతిలో ఏటా మొక్కను బయటకు తీస్తాం కాబట్టి ఈ పని అందులోనే కలిసిపోతుంది.

మట్టి కుండీలు చల్లగా ఉంటాయి నిజమే, కానీ గోడల్లోంచి నీరు ఆవిరై ఉప్పు పేరుకుంటుంది. తెల్లటి ప్లాస్టిక్ కుండీ, కనీసం 20 సెంటీమీటర్ల లోతు ఉన్నది తీసుకోండి. చిన్న కుండీలు నాలుగు పెట్టే బదులు 40 లీటర్ల టబ్బు ఒకటి పెట్టడం మన వేసవికి మేలు, ఎక్కువ తడి మట్టి త్వరగా వేడెక్కదు. టబ్బు అంచుకు 5 సెంటీమీటర్ల కింద పక్కన ఒక రంధ్రం చేస్తే వాన నీరు అక్కడి నుంచి పోతుంది.

రోహిణి కార్తె దాటించడం

రోళ్ళు పగిలే ఎండల్లో చేయాల్సినవి రెండే. కుండీని చేపల మార్కెట్లో దొరికే థర్మోకోల్ పెట్టెలో దించి, మధ్యలో తడి నాచు కూరండి, వేర్ల వేడి బాగా తగ్గుతుంది. ఏప్రిల్ 10 నుంచి మృగశిర కార్తె దాకా 35 శాతం గ్రీన్ నెట్‌ను 11 నుంచి 4 గంటల మధ్య మాత్రమే వేయండి. ఏడాదంతా నెట్ కింద ఉంచితే గొట్టాలు సాగి, రంగు తేలిపోయి, వాలిపోతాయి. మిట్టమధ్యాహ్నం ఆకుల మీద నీళ్ళు చల్లడం వల్ల లాభం లేదు. తొట్టిలో నీరు చేయి పెడితే కాలేంత వేడెక్కితే పారబోసి చల్లటిది పోయండి, సాయంత్రం దాకా ఆగవద్దు.

ఈ కాలంలో ఎర్రనల్లి, తామర పురుగు వస్తాయి, చలి మొదలయ్యేటప్పుడు పిండినల్లి దుంప దగ్గర చేరుతుంది. సబ్బునీళ్ళు, వేపనూనె ఆకు మీది మైనపు పొరను పాడుచేస్తాయి. పిండినల్లిని బ్రష్‌తో తీసేసి, తీరకపోతే ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం ద్రావణం లీటరుకు 0.3 మిల్లీలీటరు చొప్పున ఒక్కసారి పోయండి. ఎర్రనల్లికి ఆ మందు పనిచేయదు, రెండు రోజులకోసారి ఆకుల అడుగున గట్టి ధారతో మంచినీళ్ళు కొట్టాలి.

పాత గొట్టం పైనుంచి కిందికి మెల్లగా ఎండితే అది మామూలే. కొత్త మొగ్గ నల్లబడితే, మొక్క మొత్తం ఒకేసారి పసుపెక్కితే దుంప చూడాలి. లాగితే ఊడి వచ్చి పులిసిన వాసన వస్తే కుళ్ళు. అంచులు మాత్రమే గోధుమరంగుకు తిరిగితే ఉప్పు లేదా పొడిగాలి, పెన్నుతో తొట్టి నీరు కొలిస్తే ఏదో తేలిపోతుంది.

కొనేటప్పుడు

నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య, మట్టి లేకుండా వేర్లతో నాచులో చుట్టి పంపేవాళ్ళ దగ్గర కొనండి. ఏప్రిల్, మే నెలల్లో నాలుగు రోజులు కొరియర్ వ్యానులో ఉన్న మొక్క బతకడం కష్టం. దుంప చిటికెన వేలంత లావైనా ఉండాలి, అంతకంటే సన్నవి మొదటి వేసవిని దాటవు. నీలం, ఊదా రంగు ‘పిచర్’ విత్తనాలు అన్నీ మోసం. నిజమైన విత్తనాలకు నాలుగైదు వారాలు ఫ్రిజ్‌లో తడి నాచులో ఉంచాక గానీ మొలక రాదు, మొలిచిన మొక్క పెద్దదవడానికి మూడు నుంచి ఐదేళ్ళు పడుతుంది.

విదేశం నుంచి తెప్పించుకోవాలంటే 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి పర్మిట్, మొక్కకు తెగుళ్ళు లేవని అక్కడివాళ్ళు ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి. సర్రసీనియా జాతులన్నీ సైటిస్ పరిధిలోనివే కాబట్టి ఆ కాగితమూ కావాలి. సూట్‌కేసులో వేసుకుని రావడం నేరం. నెపంథిస్ వైపు వెళ్ళేవాళ్ళు మేఘాలయకు చెందిన ఖాసియానా కోరుకుంటే, అది మన దేశంలో సహజంగా పెరిగే ఒకే ఒక్క నెపంథిస్, చట్టపు రక్షణలో ఉన్నది. నర్సరీలో విత్తనం నుంచి గానీ టిష్యూ కల్చర్ నుంచి గానీ పెంచినదని రాసిచ్చేవాళ్ళ దగ్గరే తీసుకోండి.

ఇంటికి వచ్చిన సర్రసీనియాకు మొదటి వసంతంలో పూమొగ్గ వస్తే, వేలెడు ఎత్తు ఉన్నప్పుడే కత్తిరించండి. ఆ ఏడాది శక్తి అంతా దుంపకు పోవాలి.